స్వరాజ్యం గారి నలభై హార్స్‌పవర్ మోటారు

భర్త రాజయ్య గారు కాలం చేసిన పిమ్మట శ్రీమతి స్వరాజ్యం జల్‌పల్లి శివారులోని కంకర క్రషర్‌ను స్వయంగా నడుపుతూ వచ్చారు. శంషాబాద్ వైపు లేస్తున్న ప్రతి గోడకూ కంకర కావలసిన రోజులవి. 2011లో ఆమె పాత డీజిల్ ఇంజనును తీసివేయించి, నలభై హార్స్‌పవర్ కరెంటు మోటారు పెట్టించారు. దసరా పూజనాడు మీట నొక్కగా అది కాలిపోయింది.

కారణం విషయమై కుటుంబంలో భిన్నాభిప్రాయాలు కలుగలేదు. మోటారు బలం చాలలేదని రాజయ్య గారి అన్న సత్తయ్య తేల్చారు.

“అరవై పెట్టు. ఇంకోటి గిట్ల కాలిందంటె క్రషర్ నాకప్పజెప్పు. గిది ఆడోళ్ల పని గాదు.”

“సరే బావా” అన్నారామె. మళ్లీ కాలితే క్రషర్ అప్పగిస్తానని నలుగురి ఎదుట ఇచ్చిన మాట గనుక వెనుకకు తీసుకొనే వీలు లేదు.

మోటారు విప్పడానికి వచ్చిన మెకానిక్ కరీం, రాళ్లను నలిపే యంత్రపు ఇనుప దవడల మధ్య నిండుగా ఉన్న రాళ్లను చూశాడు.

“గిదేందక్కా, తిప్పకముందే నింపిన్రా?”

“పూజనాడు ఖాళీ నోటితోటి షురూ చేస్తరా?”

అది ఆ ఇంటి ఆచారం. డీజిల్ కాలంలో ఇంజను వేగం అందుకున్న తరువాతనే బెల్టు తగిలించేవారు గనుక, ఆచారం వల్ల నష్టమేమీ జరుగలేదు; కరెంటు మోటారుకు మాత్రం బెల్టు ముందే తగిలించి ఉంది.

“నిండ మోపి లెవ్వమంటె ఎద్దు గూడ కూలబడ్తది. అరవై పెట్టినా గంతే. ఖాళీగ తిప్పు, జోరందుకున్నంక రాయి ఎయ్యి. నలభై చాలు.”

“మా బావ ఒప్పుకోడు.”

“కాలేది బావ గాదు గదక్కా, మోటరు.”

ఆమె ఒక రాత్రి ఆలోచించి, అదే మోటారుకు కొత్త రాగి తీగ చుట్టలు వేయించి బిగించారు. మరల పూజ జరిగింది. సత్తయ్య దవడల వద్ద నిలబడి అభ్యంతరం తెలిపారు.

“ఉత్త నోరా? అరిష్టం!”

స్వరాజ్యం పళ్లెంలోని బెల్లం ముద్దను దవడల మధ్య ఉంచారు.

“ఉత్తగ లేదు బావా.”

సత్తయ్య వంగి పరిశీలించారు. నోట ఏమి ఉండాలో, ఎంత ఉండాలో పెద్దలెవరూ నిర్దేశించి ఉండలేదు.

మీట నొక్కారు. బెల్లం క్షణంలో పొడియైనది. చక్రం వేగం అందుకున్నాక రాళ్లు వేశారు, కంకర రాలింది. సత్తయ్య సాయంత్రం వరకు మోటారుపై పలుమార్లు అరచేయి ఆనించి చూశారు. అది ఉండవలసినంత వెచ్చగానే ఉంది.

“రేపు గూడ బెల్లమేనా?” అని చివరకు అడిగారు.

“రేపు పండుగ గాదు గద. జర జరుగు బావా, లారీ వస్తున్నది.”

ఆయన జరిగారు.