ఈశాన్యం మూల బావులు

తిరువూరు ఊరు దాటి బయటికి పెరిగిందంటే ఆ ఘనత నాదే. డెబ్బైల్లో, గంపలగూడెం రోడ్డు పక్కన తుమ్మచెట్లు తప్ప నరమానవుడు కనిపించని మెట్టలో మొదటి కొబ్బరికాయ కొట్టి మొదటి ఇల్లు లేపింది నేను. నన్ను చూసే మిగతావాళ్ళు వచ్చారు.

ఇది చాలామందికి చెప్పాను. కాగితం మీద పెడుతుంటే మాత్రం చెయ్యి ఆడటం లేదు. నాది మూడో ఇల్లు. మొదటిది లారీ నడిపే సాయిబుగారిది, రెండోది కిరాణా కొట్టు శెట్టిగారిది. తుమ్మలు వాళ్ళే కొట్టించారు. నా వంతుకు ముళ్ళు కూడా మిగల్లేదు.

కాలనీ అనే మాట మాకు కొత్త. ఊళ్ళో ఒకే కప్పు కింద వాటాల్లో నలిగినవాళ్ళం, చుట్టూ ఖాళీ వదిలి ఇల్లు కట్టుకోవడమే గొప్పనుకున్నాం. సాయంత్రం నెమలి ఊరికెళ్ళే బస్సు పోతుంటే జనం కిటికీల్లోంచి మా ఇళ్ళకేసి చూసేవాళ్ళు. నేను గేటు దగ్గర నిలబడి చూపించుకునేవాణ్ణి. లోపల కుండలో చుక్క నీళ్ళుండేవి కావు.

ఊళ్ళో బావి దగ్గర్నుంచి మెట్ట దాకా మా ఆవిడ బిందె మోసుకొచ్చేది. ఎండాకాలం లోపు ఇక్కడ నీళ్ళు పడకపోతే మళ్ళీ వాటా ఇంటికే పోదామని తేల్చి చెప్పేసింది.

పల్లం ఒక్కచోటే ఉంది, సాయిబుగారి స్థలంలో నైరుతి మూల. ఎండల్లోనూ అక్కడ గడ్డి పచ్చగా ఉండేది. ఆయనే మా అరుగు మీద కూర్చుని మాట ఎత్తారు.

"అందరం కలిసి అక్కడ ఒక్క బావి తవ్వుదామండీ. నీళ్ళు అందరం వాడుకుందాం."

శెట్టిగారు ఉలిక్కిపడ్డారు. "నైరుతిలో గొయ్యా? ఇంటి యజమానికి గండం భాయ్!"

"యజమాని నేనే గదా శెట్టిగారూ. పోతే నేను పోతాను, మీరు తోడుకోండి."

అందరూ నవ్వారు. నేను మాత్రం సాయిబుగారి పక్షాన గట్టిగా నిలబడ్డాను. దాహం మనకా, దిక్కులకా అని శెట్టిగారిని నిలదీశాను.

మర్నాటికి అంతా తిరగబడింది. ఎవరో పోయి సాయిబుగారి తల్లి చెవిన వేశారు. రాత్రనక పగలనక లారీ తోలే కొడుకు ఆమెకు ఒక్కడే. "అక్కడ గునపం దించితే ఆ గోతిలో ముందు నన్ను పూడ్చు" అందట. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇక ఎవరి స్థలంలో వాళ్ళం, వాస్తు ప్రకారం, ఈశాన్యం మూల తవ్వుకున్నాం. అందరికీ బండే తగిలింది. తూటాలు పేల్చినా చెమ్మ రాలేదు. ఎండలు ముదిరేసరికి శెట్టిగారు తాళం వేశారు, ఆయన వెనకే మేమూ. సాయిబుగారు తల్లి పోయేదాకా ఉండి, తర్వాత ఆయనా వెళ్ళిపోయారు. తుమ్మలు మళ్ళీ మొలిచి మా వసారా దాకా వచ్చాయి. నూతి గోతిలో ఎవరిదో మేక పడి చచ్చిందని విన్నాను. చూడ్డానికి పోలేదు.

ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. పప్పులో రాళ్ళు ఏరుతోంది, తలెత్తలేదు.

"సాయిబుగారి పక్షాన మీరెప్పుడు మాట్లాడారండీ? ఆ రోజంతా నోట్లో వక్కపలుకు పెట్టుకుని కూర్చున్నారు."

"ఏదో ఒక మాట అనే ఉంటాన్లే."

"అన్నారు. ఆయన ఇంట్లో లేనప్పుడు వాళ్ళమ్మతో అన్నారు. 'ఎవరో' అని రాశారే, అది కొట్టేసి మీరని రాయండి."