ఆరోగ్యమ్మ పాడిన సగం

పూర్ణా మార్కెట్‌లో ఆరోగ్యమ్మ గొంతు ఎరగనివాళ్లు లేరు. పొద్దున్నే ఆకుకూరల గంప ముందు కూర్చుని "తోటకూరా, బచ్చలీ, గోంగూరా" అని కేకేస్తే సందు చివరిదాకా వినిపిస్తుంది. అరుపు కాదది. బరువైన గొంతు, ఎక్కడో లోపలినుంచి వస్తుంది. హార్బర్‌లో ఓడ కూత వేసినప్పుడు చెవికంటే ముందు గుండెకు తగిలినట్టు తగులుతుంది. అదే గొంతు ఆదివారం చర్చి గుమ్మం దాటగానే మాయమైపోయేది. నలభై ఏళ్లపాటు ఆరోగ్యమ్మ మా చర్చిలో ఒక్క పాట కూడా పాడలేదు. అందరితోపాటు నిలబడి పెదాలు కదిపేది, అంతే.

ఎందుకో నాకు తెలుసు. ఆ గొంతు నొక్కింది మా నాన్నే.

మా నాన్న యోహాన్ మాస్టారు హార్మోనియం ముందేసుకుని పిల్లలచేత క్రిస్మస్ పాటలు పాడించేవారు. అప్పుడు నాకు పదకొండేళ్లు, ఆరోగ్యానికి తొమ్మిది. ఆయనకు తెలిసిన బాణీ ఒక్కటే, ఆయన పట్టిన శ్రుతీ ఒక్కటే. అది ఎంత పైకి వెళ్తే పిల్లలందరూ అంత పైకి ఎక్కాల్సిందే. ఆరోగ్యం ఎక్కలేకపోయేది. కిందే ఉండిపోయి, తనకు అందిన చోట పాడుకునేది. ఒకరోజు నాన్న హార్మోనియం ఆపి, "ఆరోగ్యం, నువ్వు పెదాలు కదుపు, చాలమ్మా" అన్నారు. తిట్టలేదు, మెల్లగానే చెప్పారు. మేమంతా పకపకా నవ్వాం. ఆ పిల్ల తలూపింది. ఊపిన తల ఊపినట్టే, ఇన్నేళ్లూ ఆ మాట జవదాటలేదు.

ఇప్పుడు నేను స్టీల్‌ప్లాంట్‌లో క్రేన్ నడుపుతాను, మిగతా టైంలో చర్చి సెక్రటరీని. హాలు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఆ తాళంచెవి కోసమే వీరేంద్ర నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. స్కూల్లో సంగీతం చెప్పే కుర్రాడు. తగరపువలస నుంచి, స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ నుంచి, మా చర్చి నుంచి ముప్ఫైమంది యువతీయువకుల్ని కూడగట్టి గాయక బృందం కట్టాడు. సాయంత్రాలు సాధనకు మా హాలు కావాలన్నాడు. ఇచ్చాను. తలుపు తీసేవాణ్ణి నేనే కాబట్టి నేనూ ఆ బృందంలో ఒకణ్ణేనని నా గొప్ప.

ఆ బృందానికి లాత్వియా దేశంలోని రీగా నుంచి పిలుపు వచ్చింది. దేశదేశాల యువ బృందాలు పోటీపడే పాటల పండగట. వీరేంద్ర పడవవాళ్ల పాటొకటి తనే కట్టి నాలుగు గొంతులకు పంచాడు. ఆరోగ్యమ్మ కూతురు అక్సాను, డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది, ఆల్టో వరుసలో నిలబెట్టాడు. ఆల్టో అంటే కింది గొంతు. పైవాళ్లు అసలు బాణీ పాడుతుంటే, వీళ్లు దాని కిందుగా వేరే దారిలో నడుస్తారు. అందరితో కలిస్తే అందమే. విడిగా వింటే మాత్రం అదేం పాటో ఎవరికీ తెలీదు.

ఆరోగ్యమ్మకు తెలిసింది ఆ విడి వరుసే. తెల్లవారుజామున తల్లి అరటినారతో ఆకుకూరలు కట్టలు కడుతుంటే కూతురు పక్కన కూర్చుని సాధన చేసేది. ఎనిమిది నెలలు అదే వరస. తల్లి దృష్టిలో పాటంటే అదే, పూర్తి పాట.

"సుబాకరన్నా, ఆ పాట ఇంటుంటే నీటిలో నడిసినట్టుంటాది," అంది నాతో ఒకసారి. "సేతులు కట్టలు కడతంటాయి, నాను ఇక్కడుండను. ఎక్కడికి పోతానో నాకే తెలీదు."

ఒక సాయంత్రం వాన మొదలైతే కూతురికి గొడుగు తెచ్చి హాలు కిటికీ దగ్గర నిలబడింది. లోపల ముప్ఫైమందీ కలిసి పాడుతున్నారు. ఆమె ముఖం చిన్నబోయింది.

"మా అక్సా పాటేదన్నా? ఇది వేరే పాట కదా."

"అందులోనే ఉంది. కిందకి విను," అన్నాను.

కళ్లు మూసుకుంది. వాన చూరు మీంచి కారుతోంది. చాలాసేపు అలాగే నిలబడి, మార్కెట్ రద్దీలో తప్పిపోయిన బిడ్డ కనబడినట్టు ఉలిక్కిపడి నవ్వింది. పెదాలు కదిలాయి. అలవాటే కదా అనుకున్నాను. కానీ ఈసారి పెదాల వెనక సన్నగా గొంతు కూడా ఉంది. అక్సా వరుసతో అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్తోంది, ఎక్కడా తప్పడం లేదు.

వీరేంద్ర బయటికొచ్చి విన్నాడు. "ఆంటీ, మీది పక్కా ఆల్టో. అక్సాకొచ్చింది మీ గొంతే," అన్నాడు ముచ్చటపడిపోయి.

ఆరోగ్యమ్మ నా వైపు చూసింది. నాకు ఆమె ముఖం చూడడానికి మొహం చెల్లలేదు. తొమ్మిదేళ్ల ఆ పిల్ల ఏనాడూ తప్పు పాడలేదు. నిలబడడానికి ఆమెకో వరుస లేదు, అంతే. మా నాన్నకు తెలిసింది ఒకటే వరుస.

పిల్లలు విమానమెక్కడానికి ముందురోజు ఆమె నన్ను ఒకే ఒక్కటి అడిగింది. "అక్కడ మా పిల్ల పాడతన్నప్పుడు నాకు ఇనిపించాల. అదొక్కటి సూడన్నా." నాది పూచీ అన్నాను. మాట ఇవ్వడంలో నాకు తిరుగులేదు.

పోటీ ఆదివారం నాడు. అక్కడ ఉదయం పదకొండు, మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. పులావు పొట్లాలు తిని హాల్లో కూర్చున్నారు. తెల్లటి దుప్పటి కట్టి, ప్రొజెక్టర్‌తో దానిమీద పోటీ లైవ్ వేశాను. ఆరోగ్యమ్మ భర్త అచ్యుతాపురం కంపెనీలో డ్యూటీకి వెళ్లాడు, ఆమె ఒక్కతే ముందు వరుసలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిటికీల్లోంచి సముద్రపు గాలి వచ్చి దుప్పటిని కదిపితే ఆ పరాయి దేశపు చెక్క హాలంతా అలలా ఊగింది. మా పిల్లలు వచ్చి వరుసల్లో నిలబడ్డారు. ఆడపిల్లలంతా పొందూరు చీరల్లో ఉన్నారు. రెండో వరుసలో అక్సా. వీరేంద్ర చెయ్యెత్తాడు. ముప్ఫై నోళ్లూ ఒక్కసారి తెరుచుకున్నాయి.

శబ్దం రాలేదు.

ఆ వైరు పీకాను, ఈ వైరు పెట్టాను, సౌండ్ బాక్సును చరిచాను. పొద్దున ఆరాధనలో కీచుమంటోందని వైర్లు మార్చింది నేనే. ఏది ఎక్కడిదో తెలీడం లేదు. పాట మొత్తం నాలుగు నిమిషాలు. వెనకనుంచి "ఏటయ్యింది?" "ఏటి సేత్తన్నావ్ బావా?" అని కేకలు. తలెత్తి చూస్తే దుప్పటి మీద ముప్ఫైమంది పిల్లలు ఉత్త పెదాలు కదుపుతున్నారు.

నలభై ఏళ్లు ఆరోగ్యం ఎలా ఉండిందో నాకు అప్పుడు తెలిసింది. వైరు చేతిలోంచి జారిపోయింది.

అంతలో ముందు వరుసలోంచి ఆ గొంతు లేచింది. మార్కెట్ గొంతే, కేక మాత్రం కాదు. ఆరోగ్యమ్మ కూతురి పెదాల మీంచి చూపు తిప్పకుండా పాడుతోంది. అక్సా నోరు తెరిచిన చోట తెరుస్తోంది, ఊపిరి తీసుకున్న చోట తీసుకుంటోంది. వెనకవాళ్లు కేకలు మాని లేచి చూశారు. చాలామందికి అదేం పాటో తెలియలేదు. పిల్లలు పాడుతున్నదానికి, ఈమె పాడుతున్నదానికి పొత్తు లేదనుకుని ఉంటారు.

నాకు తెలుసు. పైన ఉండాల్సిన సగం లేదు, అందుకే అలా ఉంది. ఆ సగం నాకు వచ్చు. ఎనిమిది నెలలు గుమ్మంలో నిలబడి విన్నవాణ్ణి. మా నాన్న నేర్పిన ఆ పై గొంతును జాగ్రత్తగా తెచ్చి ఆమె గొంతు మీద పెట్టాను. "ఒడ్డు కనిపించే దాకా" అన్న మాట దగ్గర రెండూ కలిశాయి. ఒక్కసారిగా పాట పాటైపోయింది. సాయంత్రాలు కిటికీల దగ్గర నిలబడి విన్నవాళ్లు ఒక్కొక్కరే అందుకున్నారు. గాలికి దుప్పటి ఊగుతోంది, పిల్లలు ఊగుతున్నారు. ఎక్కడో ఉన్న ఆ పిల్లలు మా గొంతుతో పాడుతున్నారో, మేమే వాళ్ల నోటితో పాడుతున్నామో తెలియలేదు. మిగిలిన ఆ కాసేపూ నేను కూడా నీటిలోనే నడిచాను.

పాట అయిపోయింది. దుప్పటి మీద చప్పుడు లేని చప్పట్లు. నేను ఆమె దగ్గరికెళ్లి నేలమీద కూలబడ్డాను.

"తప్పయిపోయింది ఆరోగ్యం. ఈ రోజుదే కాదు. ఆ రోజు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను."

"ఉన్నావేటి? అందరికంటే గట్టిగా నవ్వినావు," అంది కళ్లు తుడుచుకుంటూ. తర్వాత నా భుజం తట్టింది.

కాసేపటికి ఆమె ఫోన్ మోగింది. అక్సా. రొప్పుతూ మాట్లాడుతోంది.

"అమ్మా, ఇన్నావా? నా గొంతు ఇనిపించిందా?"

ఆరోగ్యమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"ఇనిపించలేదమ్మా," అంది. "నానే పాడీసినాను."