మెంఫిస్‌లో టెరెల్ పాట

తన్వీ, రిషీ, మొన్న ఫోన్లో "నానమ్మా, ర్యాప్ వినడానికి మెంఫిస్ వెళ్ళావా?" అని ఇద్దరూ ఒకటే నవ్వు. నవ్వండి, ఏం ఫర్లేదు. కానీ అది ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు. అందుకే కూర్చుని నెమ్మదిగా చెప్తున్నా. మీరెప్పుడైనా ఆ ట్రైన్ ఎక్కితే పనికొస్తుంది కూడా.

ముందు డార్లీన్ గురించి చెప్పాలి. ఇక్కడ అరోరాలో మీ సుధత్త ఇంటి దగ్గర లైబ్రరీ ఉందిగా, అక్కడ మంగళవారం పొద్దున మాలాంటి వాళ్ళకి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పిస్తారు. నేర్పేది డార్లీన్. నా వయసే. పుట్టి పెరిగింది మెంఫిస్‌లో, అక్కడి వాళ్ళ మర్యాద ప్రకారం నన్ను "మిస్ లక్ష్మీ" అంటుంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు టెరెల్ కిందటి చలికాలం నిద్రలోనే పోయాడు. గుండెలో ఏదో పుట్టుకతో వచ్చిన లోపమట, ఎవరికీ తెలీలేదు. ముప్పై నిండలేదు. నాకు ఆమె పరిచయమయ్యేసరికే ఇదంతా అయిపోయింది.

ఈ టెరెల్, ఎదురింటి కెల్విన్ చిన్నప్పటి నుంచీ జోడీ. ఇద్దరి ఇళ్ళ అరుగులూ ఎదురెదురుగా ఉండేవి, అందుకని పేరు కూడా "టూ పోర్చెస్" అని పెట్టుకున్నారు. రిషీ, నువ్వు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తల ఊపుతుంటావే, ఆ రకం పాటలు. ఆల్బమ్ సగంలో ఉండగా టెరెల్ పోయాడు. మిగతాది కెల్విన్ పూర్తి చేశాడు. ఒక్క చివరి పాట దగ్గర చిక్కొచ్చింది. అందులో టెరెల్ కొంత చెప్పి ఆపేశాడు. అంతవరకే రాసుకున్నాడు. మిగతా చోట కెల్విన్ ఏమీ కలపకుండా వట్టి డ్రమ్స్ వదిలేశాడు. ఆల్బమ్ విడుదల చేసే కంపెనీ వాళ్ళేమో ఆ పాట తీసేయండి, లేదా నింపండి అన్నారు. సోమవారం మధ్యాహ్నానికల్లా పంపాలి. కెల్విన్ తేల్చుకోలేక డార్లీన్‌ని అడిగాడు. "అమ్మవి నువ్వు, నువ్వెలా చెప్తే అలా."

డార్లీన్ కూడా తేల్చుకోలేకపోయింది. ఆదివారం మెంఫిస్‌లో, ఇప్పుడు చెల్లెలు గ్లోరియా ఉంటున్న తమ పాత ఇంట్లో తెలిసినవాళ్ళని కూర్చోబెట్టి ఆల్బమ్ వినిపిద్దాం, అందరూ ఏమంటారో చూసి చెప్తానంది. నన్నూ రమ్మంది.

"నాకు ర్యాప్ ఏం తెలుసు డార్లీన్?" అన్నా.

"అందుకే రమ్మంటున్నా. వాళ్ళందరూ వాణ్ణి ఎత్తుకుని పెంచినవాళ్ళు. నా మొహం చూసి మాట్లాడతారు. నువ్వు వాణ్ణి చూడను కూడా లేదు."

సుధ ఒప్పుకోలేదు ముందు. "ఏమన్నా అయితే ఇన్సూరెన్స్‌తో నేను పడాలమ్మా," అంది. మళ్ళీ తనే టికెట్లు బుక్ చేసి, పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి అరోరాలో లోకల్ ట్రైన్ ఎక్కి షికాగో పెద్ద స్టేషన్‌కి వెళ్ళాం. మెంఫిస్ ట్రైన్ రాత్రి ఎనిమిదింటికి. పెద్దవాళ్ళకి టికెట్‌లో తగ్గింపు ఉంది, అడగండి. ముందే చెప్తే కింది అంతస్తులో సీట్లిస్తారు, మెట్లెక్కే బాధ ఉండదు. సీటు బాగా వెనక్కి వాలుతుంది. దుప్పటి మాత్రం తప్పకుండా పట్టుకెళ్ళండి. ఏసీకి నేను శాలువా మీద డార్లీన్ కోటు కూడా కప్పుకున్నా.

పక్క వరసలో ఒకాయన జాక్సన్‌లో మనవల దగ్గరికి వెళ్తున్నాడు. డార్లీన్ మెంఫిస్ అనగానే మాట కలిపాడు. ఏ మాట ఎక్కణ్ణించి వచ్చిందో, పాటల మీదికి వచ్చింది.

"టూ పోర్చెస్ తెలుసా మీకు?" అన్నాడు. "మా వాడి కార్లో అదే మోగుతుంది. బాగానే ఉంటుంది. అందులో ఒక కుర్రాడు పోయాడుగా. ఇంక చూడండి, మిగిలినవాడు చచ్చిపోయినవాడి పేరు మీద నాలుగు పాటలు అమ్ముకుంటాడు. అందరూ చేసేదే."

డార్లీన్ తన చేతిలో ఉన్న బిస్కెట్ల ప్యాకెట్ ఆయనకి అందించింది. ఆయన రెండు తీసుకుని థాంక్స్ చెప్పాడు. తర్వాత ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందో లేదో నేను చూళ్ళేదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకి మెంఫిస్. స్టేషన్ బయటే పట్టాల మీద నడిచే ట్రాలీ బండి తిరుగుతుంది, నది వైపు వెళ్ళాలంటే అదెక్కొచ్చు. మేము వెళ్ళలేదు. గ్లోరియా ఇంటి నిండా చుట్టాలున్నారని నాకు దగ్గర్లో మోటల్ తీసుకున్నారు. ముందే ఫోన్ చేసి చెప్పాం కాబట్టి పొద్దున్నే రూమ్ ఇచ్చారు. టిఫిన్ వాళ్ళదే. గ్రిట్స్ అని తెల్లగా జావలా పెట్టారు. మొక్కజొన్న రవ్వ ఉడకబెట్టింది, అంతే. నా దగ్గరున్న ఆవకాయ కొంచెం కలుపుకుంటే బ్రహ్మాండంగా ఉంది. మాంసం లేనివి కావాలంటే ముందే చెప్పాలి అక్కడ, చిక్కుడుకాయ కూరలో కూడా పంది ముక్క వేస్తారు.

చర్చి అయ్యాక రెండింటికి కెల్విన్ వచ్చి నన్ను కార్లో తీసుకెళ్ళాడు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. మాట చాలా తక్కువ. ప్రతిదానికీ "యెస్ మ్యామ్" అంటాడు. ర్యాప్ పాడేవాడంటే నేనేదో ఊహించుకున్నా.

గ్లోరియా ఇల్లు సందడిగా ఉంది. కేకు, స్వీట్ టీ, పిల్లలు. అందరూ నన్ను పలకరించి, మీ చీర ఎంత పొడుగు అని అడిగి, కూర్చోబెట్టారు. కెల్విన్ పాటలు పెట్టాడు. ఒక్కోటీ అయ్యాక ఆపి, ఏమంటారు అని అడగడం.

మొదట్లో సరదాగానే సాగింది. టెరెల్‌కి చిన్నప్పటి నుంచీ జుట్టు కత్తిరించిన మంగలి లెరాయ్ గారు, "ఆ దడదడలాడే బాస్ శబ్దం ఎక్కువైంది. నా షాపులో అద్దాలు ఊడిపోతాయి," అన్నాడు.

"మీ అద్దాలు నా చిన్నప్పుడే ఊడాయి సార్," అన్నాడు కెల్విన్.

గ్లోరియా, "ఆ బూతులు కొంచెం తగ్గించకూడదూ? మా పాస్టర్ గారు వింటానన్నారు," అంది.

"తగ్గించినవే ఇవి, ఆంటీ."

అందరూ నవ్వారు. నాకు సగం మాటలు అర్థం కాలేదు గానీ, ఒకడు ఆపిన చోట ఇంకొకడు అందుకోవడం మాత్రం తెలుస్తోంది. మన బుర్రకథలో కథకుడు అంటుంటే వంతవాళ్ళు అందుకుంటారు చూడండి, అలా. టెరెల్ గొంతు కొంచెం బొంగురు. వినగా వినగా, ఆ పిల్లవాడు పక్క గదిలోనే ఉన్నట్టనిపించింది. నేను రెండో కేకు ముక్క కూడా తిన్నా.

తర్వాత చివరి పాట పెట్టాడు. టెరెల్ ఏదో అరుగు గురించి, వాన గురించి చెప్తున్నాడు. మాట పూర్తవకుండానే ఆగిపోయింది. డ్రమ్స్ మాత్రం నడుస్తున్నాయి. ఇంకొకడు అందుకుంటాడని చూస్తున్నాం అందరం. ఎవరూ అందుకోలేదు. అలా నడిచి నడిచి పాట అయిపోయింది.

రేడియోలో పనిచేసే టాషా అనే అమ్మాయి ముందు మాట్లాడింది. "నేను నిజం చెప్తా, ఏమనుకోకండి. ఇది రేడియోలో వేయలేం. ఆ ఖాళీ రాగానే జనం పక్క పాటకి వెళ్ళిపోతారు."

"ఆ చోట నువ్వు చెప్పు కెల్విన్," అన్నాడు లెరాయ్ గారు. "ఇన్నేళ్ళూ చేసిందదేగా."

"ప్రయత్నించా సార్. నోరు తెరిస్తే వాడి కుర్చీలో కూర్చున్నట్టుంది."

డార్లీన్ ఎవరివైపూ చూడకుండా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. అప్పుడే నన్ను మోటల్‌కి తీసుకెళ్ళే క్యాబ్ వచ్చింది. కెల్విన్ ముందే బుక్ చేసి పెట్టాడు. నేను లేచి, షూస్ వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, వెనక్కి చూడకుండా వెళ్ళి కారెక్కేశా. రూముకి రాగానే తల మీద నీళ్ళు పోసుకున్నా.

మీకిది కొత్తగా ఉంటుంది. మన వైపు, చావు ఇంటికి పరామర్శకి వెళ్తే, వచ్చేటప్పుడు "వెళ్ళొస్తా" అని చెప్పకూడదు. అలాంటి పని మీద మళ్ళీ ఆ ఇంటికి రాకూడదని. చెప్పకుండా లేచి వచ్చేస్తాం, ఇంటికొచ్చి స్నానం చేస్తాం. అది నేను ఆలోచించి చేసింది కాదు. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతట అవే నడిచాయి. అక్కడి వాళ్ళకి ఈ పద్ధతి తెలీదన్న సంగతి నాకు తట్టనే లేదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి టిఫిన్ దగ్గర ఉంటే కెల్విన్ వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మ్యామ్, మిమ్మల్ని ఒకటి అడగొచ్చా? ఆ పాట అంత బాగాలేదా?"

"ఎవరన్నారు బాబూ?"

"డార్లీన్ ఆంటీ తీసేయమంది. మీరు మాట కూడా చెప్పకుండా వెళ్ళిపోయారుగా. వాడెవరో తెలీని మనిషే కూర్చోలేక లేచి వెళ్ళిందంటే, ఊళ్ళోవాళ్ళు ఏం వింటారు, తీసెయ్, అంది. మధ్యాహ్నం పంపేస్తున్నా."

స్పూన్ కింద పెట్టేశా. ఆ తల్లి నన్ను అంత దూరం తీసుకొచ్చింది నా మాట వినడానికి. నేను మాట చెప్పకపోగా, చెప్పకుండానే ఆ పిల్లవాడి ఆఖరి పాట తీయించేశా.

"కారుందా? పద," అన్నా.

మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళకూడదు నిజానికి. వెళ్ళా. డార్లీన్ అరుగు మీద ఒక్కతే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి కుర్చీ జరిపింది. కోపం లేదు మొహంలో. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

"నీ తప్పేం లేదు మిస్ లక్ష్మీ," అంది. "నిజం కావాలని నేనే అడిగా."

నా ఇంగ్లీషు మీకు తెలుసుగా. ఆమె నేర్పిన ఇంగ్లీషులోనే ఆమెకి చెప్పుకొచ్చా, మా దగ్గర ఇలా వచ్చేస్తామని, ఎందుకు వచ్చేస్తామో కూడా. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అది చావు ఇంట్లోగా. నిన్న ఇక్కడ కేకు తిన్నాంగా మనం."

"తిన్నాం. చివరి పాట దాకా నాకు ఇది మామూలు ఇల్లే."

"నిన్న ఎవరు పోయారని అలా వెళ్ళావు?"

"నీ కొడుకు."

"వాడు పోయి తొమ్మిది నెలలైంది."

"నీకు తొమ్మిది నెలలు డార్లీన్. నాకు నిన్ననే పోయాడు. అప్పటిదాకా పక్క గదిలో ఉన్నాడు. ఆ డ్రమ్స్ దగ్గర పోయాడు."

ఆమె ఒలిచిన గింజలు ఒళ్ళోంచి గిన్నెలోకి ఒంపుకుంది. కెల్విన్ మెట్ల కింద నిలబడి ఎదురింటి వైపు చూస్తున్నాడు. ఒకప్పుడు తన వాళ్ళుండే ఆ ఇంట్లో ఇప్పుడు వేరే ఎవరో ఉంటున్నారు.

"ఎన్నింటికి పంపాలి?" అని అడిగింది డార్లీన్.

"పన్నెండింటికి."

"ఎలా ఉందో అలాగే పంపు."

కెల్విన్ "యెస్ మ్యామ్" అన్నాడు. కాసేపయ్యాక నా వైపు తిరిగి, మిగతా పాటలెలా ఉన్నాయి అని అడిగాడు. నాలుగోది ఒట్టి గోల అని చెప్పా. టెరెల్ మాట స్పష్టంగా ఉంది, నువ్వు మాటలు మింగేస్తున్నావు, నోరు తెరిచి చెప్పు అని కూడా చెప్పా. అప్పుడు నవ్వాడు. డార్లీన్, "ఇరవయ్యేళ్ళుగా అదే మొత్తుకుంటున్నా," అంది.

తిరుగు ట్రైన్ సోమవారం రాత్రి పదిన్నర దాటాక. ఆలస్యమవుతుంది, స్టేషన్‌లో కూర్చోడానికి ఓపిక ఉండాలి. గ్లోరియా మొక్కజొన్న రొట్టె కట్టిచ్చింది. నాకోసం మాంసం తగలని పెనం మీద విడిగా కాల్చానని రెండుసార్లు చెప్పింది.

పొద్దున మెలకువ వచ్చేసరికి ఇల్లినాయ్ వచ్చేశాం. కోసేసిన మొక్కజొన్న చేలు, ఎటు చూసినా చదునే. స్నాక్స్ అమ్మే బోగీలో కాఫీ తెచ్చుకున్నాం. డార్లీన్ ఫోన్ తీసి, చెవిలో పెట్టుకునేది ఒకటి తను పెట్టుకుని ఒకటి నాకిచ్చింది. చివరి పాట పెట్టింది. టెరెల్ అరుగు గురించి చెప్పి, వాన గురించి మొదలుపెట్టి, ఆగాడు. డ్రమ్స్ నడుస్తున్నాయి. మేమిద్దరం కదల్లేదు.

అయ్యాక నాకు తట్టింది. రెండు రోజులు అందరి అభిప్రాయాలూ ఈమె అడిగింది. ఈమెని ఎవరూ అడగలేదు.

"నీకెలా ఉంది?" అన్నా.

ఆమె కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది.

"వాడు ఎప్పుడూ అంతే. మాట మధ్యలోనే లేచి వెళ్ళేవాడు. మిగతాది తలుపు దగ్గర నిలబడి చెప్పేవాడు. ఆ డ్రమ్స్ మోగినంతసేపూ నేను తలుపు వైపే చూస్తున్నా," అంది.

తొమ్మిదిన్నరకి షికాగోలో దిగాం. సుధ సెలవు పెట్టి స్టేషన్‌కే వచ్చింది. ఎలా జరిగిందమ్మా అంటే, బాగా జరిగింది అని మాత్రం చెప్పా.

మెంఫిస్‌లో నేను చూసిన ఊరేమీ లేదు. నది చూడలేదు, పాటల మ్యూజియంలు చూడలేదు. ఒక ఇల్లు చూశా. ఇంత దూరం వెళ్ళి ఒక పాట సరిగ్గా విన్నా, అది చాలనిపించింది. ఆ ఆల్బమ్ త్వరలో వస్తుందట. రిషీ, రాగానే నువ్వు విను, చెల్లికీ వినిపించు. నచ్చిందో లేదో మీ ఇష్టం, మొహమాటం లేకుండా నాకు చెప్పండి. చివరి పాటలో మాట ఆగిపోయాక మాత్రం ముందుకి జరపకండి. డ్రమ్స్ అయిపోయేదాకా కూర్చోండి.