వాలుగీత లేని డాలర్

మా అక్కకు ప్రతిదీ నీటుగా ఉండాలి. దువ్వెన పళ్లు కూడా లెక్కపెట్టి సర్దుతుందని బావ వెక్కిరిస్తాడు. పద్దెనిమిదేళ్లుగా కంటి ఆసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటరు. దానంగా వచ్చే కంటిపొర (కార్నియా) మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా ఆమె చేతిలోనే ఉంటుంది. నేను అక్కడే మందుల కౌంటర్లో కూర్చుంటాను.

ఆపరేషన్ అయినవాళ్ల చీటీ నంబరు ముందు డాలర్ గుర్తూ, ఎమ్ అక్షరమూ చేరుస్తారు. నెలాఖరున ఆ పేర్లు తీసేయడానికి నల్లతెర మీద ఒక కమాండ్ కొట్టాలి. అందులో డబుల్ కోట్స్ మధ్య డాలర్, ఎమ్, చివర శాతం గుర్తు ఉంటాయి. శాతం అంటే 'ఆపైన ఏదున్నా సరే' అని. పాత ఆపరేటరు రాసిచ్చిన కాగితం చూసి అక్క పొల్లుపోకుండా కొట్టేది. అది చిరిగిపోతోందని మొన్న కొత్త నోట్‌బుక్కులోకి ఎత్తిరాసింది. డాలర్ ముందున్న వాలుగీతను పెన్ను జారిన మరక అనుకుని వదిలేసింది. ఆ నీటుతనం తగలెయ్య.

డబుల్ కోట్స్ మధ్య ఆ గీత లేకుండా డాలర్ కనిపిస్తే, ఎమ్ అనే పేరుతో ఏదో విలువ దాచి ఉందని కంప్యూటర్ వెతుకుతుంది. దొరక్కపోతే రెంటినీ మింగేస్తుంది. మిగిలింది శాతం ఒక్కటే, అంటే ఎవరైనా సరే. నెలాఖరున అక్క కొత్త నోట్‌బుక్కు చూసి కొట్టగానే జాబితా మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. రెండు నెలల నాటి నకలు దొరికింది గానీ, ఆ తర్వాత చేరినవాళ్ల ఫోన్ నంబర్లు కూడా పోయాయి.

వాళ్లలో కుట్టుపని చేసుకునే ఒకావిడ ఉంది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కంటికీ పుండు. డాక్టరుగారు వారం క్రితమే ఆమెను అందరికంటే ముందు పెట్టారు.

జాబితా పోయిన మర్నాడే కంటిపొర వచ్చింది.

"ఆవిణ్ణి పిలిపించమ్మా," అన్నారాయన.

"నంబరు లేదు సార్. నా వల్లే పోయింది."

అక్కా నేనూ టైలరు షాపులన్నీ తిరిగాం. ఇంట్లో కూర్చుని కుట్టుకునే మనిషి గురించి ఎవరికి తెలుస్తుంది? కాళ్లు అరిగాయి గానీ జాడ దొరకలేదు. కంటిపొర ఎన్నాళ్లో నిలవుండదు. నాలుగో రోజు వరసలో ఉన్న మరొకాయనకు పెట్టేశారు.

ఐదో రోజు ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా అక్క బల్ల దగ్గరికే వచ్చింది.

"ఫోన్ రాలేదమ్మా. పొర వస్తే మీరే చేస్తారు కదా, ఊరికే విసిగించడం ఎందుకని ఆగాను. ఇదుగో నా చీటీ."

అక్క చీటీ తీసుకుంది.

"మీది నాలుగు రోజుల కిందటే వచ్చిందండీ," అంది. "నా తప్పు వల్ల మీకు కబురు అందలేదు. ఇంకొకరికి పెట్టేశారు."

ఆవిడకు అర్థమైనట్టు లేదు. అక్క గొంతు వచ్చినవైపు ముఖం తిప్పి అడిగింది.

"అయితే రేపు రమ్మంటారా?"