గోటి మీద నీలం చుక్క

మా సైన్సు సారు పోయారని ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో మా డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. తడి చీర చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయాను. సారు ఊరు బల్మూరుకు వెళ్లే బస్సులో దారంతా ఒకటే దిగులు: ఇక ఆ గుట్ట మీది తొండల్ని ఎవరు వెతుకుతారు? మనిషి పోతే తొండల గోలేమిటని మీరనుకోవచ్చు. ఆయన్ను ఎరిగినవాళ్లు అనుకోరు.

రిటైరయ్యాక సారు ఊరి పక్క గుట్ట మీద తొండల లెక్క మొదలుపెట్టారు. సెలవు రోజుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. అవి బండలెక్కి ఒళ్లు కాచుకునే వేళకు మేం అక్కడుండాలి. కట్టె కొసకు గాలం దారంతో ఉచ్చు. దాన్ని మెల్లగా మెడకు తగిలించి ఎత్తడం, స్కేలుతో కొలవడం, వీపు మీద గోళ్ల రంగుతో చుక్కలు పెట్టడం, పట్టిన బండ మీదే వదలడం. ఏ తొండకు ఏ చుక్కలో నోటుబుక్కులో ఉండేది. ముందుగా సారు తన ఎడమ బొటనవేలి గోటి మీద ఒక చుక్క పెట్టి చూసుకునేవారు. అది సరిగ్గా ఆరితేనే తొండకు.

"ఏంది సార్, రంగు మేడమ్‌కా?" అని గాజుల దుకాణపామె ఆటపట్టించేది.

"మేడమ్‌కైతే ఒక్కటి సాలు. తొండలకు నాలుగు రంగులు గావాలె" అనేవారు.

తోక కొస తెగిన మగ తొండ ఒకటుండేది. వీపు మీద రెండు నీలం చుక్కలు. నెల రోజులు కనబడకపోయేసరికి నేను నోటుబుక్కులో 'చనిపోయింది' అని రాసేశాను. తర్వాతి ఆదివారం అదే బండ మీద, అదే తెగిన తోకతో, చుక్కలు లేకుండా కూర్చుంది. కుబుసం విడిచింది, రంగూ దాంతోనే పోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"మన చుక్క పోయింది బిడ్డా, అది పోలే. కనపడలే అని రాయి. సచ్చిందని ఎన్నడు రాయకు" అన్నారు సారు.

తర్వాత కంకర కోసం గుట్టను కొట్టడం మొదలైంది. మేం అంకెలు వేసిన బండలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. చూడలేక నేను వెళ్లడం మానేశాను. నిజం చెప్పాలంటే ఆయన్ను ఒంటరిగా వదిలేశాను. "ఇంకేమున్నయి సార్ అక్కడ?" అని ఫోన్‌లో విసుక్కున్నాను కూడా.

"గా తోక తెగినోడు ఉంటడు బిడ్డా. జర ఓపిక వట్టాలె" అన్నారు.

నేను వెళ్లేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. సారు భార్య నన్ను పట్టుకొని ఏడ్చింది. "పొద్దుగాల గుట్టకు పోయొచ్చిండు బిడ్డా. జర నీళ్లియ్యమన్నడు. తెచ్చేసరికే ఒరిగిపోయిండు."

ఆయన ఎడమ బొటనవేలి గోటి మీద నీలం చుక్క ఉంది.

తోక తెగినోడు దొరికాడా? లోపలికి పరుగెత్తి నోటుబుక్కు తీశాను. ఆ రోజు పేజీలో 'కనపడలేదు'. అంతకు ముందు పేజీలోనూ అదే. ఎన్ని తిప్పినా అదే మాట, అదే గుండ్రటి రాత. రంగు ఆరబెట్టుకొని, ఉచ్చుకట్టె పట్టుకొని, ఆ కంకర దుమ్ములో ఎంతసేపు కూర్చున్నారో. నేను పక్కన లేను.

సాయంత్రం స్నానం చేయించేటప్పుడు ఎవరో ఆ గోటిని నీళ్లతో రుద్దారు. ఎంత రుద్దినా చుక్క పోలేదు. సారే పోయారు.