బల్ల కింద డాక్టరుగారు

మా డాక్టరుగారికి ఉన్న పిచ్చి ఒక్కటే. వారానికోసారి, మంగళవారం పొద్దున్న పదిగంటలకి, ఆయన బల్ల కింద దూరేవారు. పెన్ను పడిపోయి కాదు, చెప్పు వెతుక్కోవడానికీ కాదు. ఉద్యోగధర్మంగా దూరేవారు. యాభై ఆరేళ్ల మనిషి. నిండు బొజ్జ, నెరిసిన మీసం, వెనకాల గోడ మీద మూడు డిగ్రీలు. అంతటి మనిషి మోకాళ్ల మీదికి వంగి, ముందు బొజ్జని లోపలికి పంపించి, దాని వెనకాల తాను వెళ్లేవారు.

ఇదేం ఆఫీసని మీకు అనుమానం రావచ్చు. సొంత ఇంట్లో ఉండే వీలులేని పిల్లల్ని కొన్నాళ్లపాటు తమ ఇంట్లో పెట్టుకుని చూసుకునే కుటుంబాలు ఉంటాయి. ఫాస్టర్ కుటుంబాలంటారు. ఆ ఇళ్లకి వెళ్లి, ఆ పిల్లల మనసు కాస్త కుదుటపడేలా చూసే కౌన్సెలర్లం మేం ఆరుగురం. మేం ఆ పని చేస్తున్నామో, చెడగొడుతున్నామో చూసే సూపర్‌వైజరు డాక్టరుగారు. మిగతా చోట్ల సూపర్‌వైజర్లు ఫైలు తిరగేసి, నాలుగు తప్పులు పట్టి, నాలుగు చీవాట్లు పెట్టి పంపించేస్తారు. ఈయన ఫైలంతా చదివి, ఆ ఫైల్లో ఉన్న పిల్ల అయి కూర్చునేవారు. ఎవరి కేసైతే వాళ్లు ఆ పిల్లతో మాట్లాడి మెప్పించాలి. మేం చాటుగా ఆయనకి చంటాయన అని పేరు పెట్టుకున్నాం.

దీనికో పద్ధతి ఉండేది. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారంటే పిల్ల వచ్చేసినట్టు. మళ్లీ పెట్టుకున్నారంటే డాక్టరుగారు తిరిగొచ్చినట్టు. ఈ రెంటికీ మధ్య మిన్ను విరిగి మీద పడ్డా ఆయన పాత్ర వదిలేవారు కాదు.

నేను చేరిన మొదటి మంగళవారం ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. గదిలోకి వెళ్తే కుర్చీ ఖాళీగా ఉంది. సార్ ఇంకా రాలేదనుకుని ఫైలు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను. బల్ల కింద నుంచి ఓ చెయ్యి వచ్చి నా కుడికాలి చెప్పు లాక్కుపోయింది. నేను పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. కుర్చీ ఎక్కి నిలబడ్డాను. పక్కగదిలోంచి పెద్దక్క తల లోపలికి పెట్టింది. ఆవిడ మాలో అందరికంటే సీనియర్.

"కంగారు పడకు. ఇవాళ సార్‌కి ఐదేళ్లు," అని తలుపు వేసుకుని వెళ్లిపోయింది.

ఐదేళ్లప్పుడు ఫర్వాలేదు. పదమూడు వచ్చినప్పుడు చూడాలి ఆయన్ని. ఓసారి మాలో పొడుగాయన దగ్గర పదమూడేళ్ల కుర్రాడి కేసు ఉండేది. డాక్టరుగారు కళ్లజోడు తీసి, కాగితాలు పెట్టుకునే కొట్టుగదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నారు. పొడుగాయన బయట నేల మీద కూర్చుని, చీటీలు రాసి తలుపు కింద నుంచి లోపలికి తోస్తూ ఉన్నాడు. ప్రతి చీటీ వెనక్కి వచ్చేది, మీద "అబద్ధం" అని రాసి. ఆ పూటంతా ఆఫీసులో ఎవరికీ తెల్లకాగితం దొరకలేదు. చివరికి పొడుగాయన విసిగిపోయి, "నాకు ఇంకేం రాయాలో తెలీట్లేదు" అని రాసి తోశాడు. గడియ చప్పుడైంది. కళ్లజోడు పెట్టుకుంటూ బయటికొచ్చి, ఇవాళ నువ్వు రాసిన మొదటి నిజం ఇదే నాయనా అన్నారు డాక్టరుగారు.

మంగళవారం సాయంత్రం ఐదింటికి డాక్టరుగారి భార్య ఫోన్ చేసేవారు. కుశలప్రశ్నలేం ఉండవు. ఇవాళ మీ సార్ వయసెంతమ్మా అని అడిగేవారు. ఆరు అని చెబితే సరే, తొందరగా భోజనం పెట్టేస్తానులే అనేవారు. పదమూడు అంటే ఓ నిట్టూర్పు వినిపించేది, ఇవాళ ఇంట్లో మాటామంతీ ఉండవన్నమాట అని పెట్టేసేవారు. ఏ పిల్ల, ఏ ఇల్లు అని మాత్రం ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా అడగలేదట. అడిగినా ఆయన చెప్పే రకం కాదు.

అన్నిటికంటే ఘనకార్యం మా డైరెక్టరమ్మతో జరిగింది. ఆవిడ నలుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని ఆఫీసు చూపించడానికి వచ్చారు. తలుపు తీసేసరికి పెద్దక్క నేల మీద బాసింపట్టు వేసుకుని ఉంది, బల్ల కింద డాక్టరుగారి సాక్సులు కనబడుతున్నాయి. ఈయన మా సీనియర్ డాక్టరు అని పరిచయం చేశారు డైరెక్టరమ్మ, పాపం ఇంకేం చేస్తారు. కింద నుంచి గొంతు వచ్చింది: "ఆవిడతో నేను మాట్లాడను. తెస్తానంటుంది, తెస్తానంటుంది, ఎప్పుడూ తేదు." అది ఆ కేసులోని పిల్ల వాళ్ల పిన్ని గురించి అన్న మాటేనని పెద్దక్క ప్రమాణం చేసి చెప్పింది. డైరెక్టరమ్మ మాత్రం అప్పటికి మూడుసార్లు మాకు కొత్త కుర్చీలు తెప్పిస్తానని మాట ఇచ్చి ఉన్నారు. ఆవిడ ముఖం కందగడ్డ అయింది. వారం తిరక్కుండా ఆరు కుర్చీలు దిగాయి. సార్, కావాలనే అన్నారు కదూ అని అడిగితే, కళ్లజోడు లేకపోతే నాకు ఎదుట ఎవరున్నదీ కనబడదమ్మా అన్నారు.

ఇలా నవ్వుకుంటూ రోజులు గడిపేస్తుండగా నా చేతికో కేసు వచ్చింది. ఏడేళ్ల పాప. అప్పటికే మూడిళ్లు మారి నాలుగో ఇంటికి వచ్చింది. ఈ ఇంటావిడ బస్సు కండక్టరు, ఆవిడ భర్త దర్జీ. కండక్టరమ్మ మనసు వెన్న. గొంతు మాత్రం బస్సు ముందు మెట్టు మీద నుంచి వెనక సీటుదాకా వినబడాలని దేవుడు ప్రత్యేకంగా చేసినది. నాలుగింటికి ఆవిడ డ్యూటీ దిగి వచ్చి మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించిందంటే, పాప భోజనాల బల్ల కింద దూరేది. ఎవరూ లేనప్పుడు పళ్ళెం లోపల పెడితే తినేది. ఐదు వారాలుగా ఒక్క మాట లేదు.

మంగళవారం వచ్చింది. డాక్టరుగారు కళ్లజోడు తీసి యథాప్రకారం కిందికి వెళ్లారు. నేనో ఉపాయం సిద్ధం చేసుకుని వచ్చాను. పిల్లకి గొంతు అలవాటు కావాలి కాబట్టి ఆపకుండా, ప్రేమగా, హుషారుగా మాట్లాడుతూనే ఉండటం. మొదలుపెట్టాను. బంగారం అన్నాను, బిస్కెట్లున్నాయన్నాను, బయట ఎంత బాగుందో అన్నాను. ఆయన చెవుల్లో వేళ్లు పెట్టుకుని గోడవైపు తిరిగారు. నటన ఎక్కువైంది అనుకున్నాను. ముప్పావుగంట అయ్యేసరికి నాకు ఒళ్లు మండిపోయి, వంగి ఆయన కాలు పట్టుకుని ఒక్క లాగు లాగాను. ఆయన ఉలిక్కిపడి లేవబోయారు. బల్ల అంచు ఠంగుమని తలకి కొట్టుకుంది.

మెల్లగా బయటికొచ్చి, కళ్లజోడు పెట్టుకుని, నెత్తి తడుముకున్నారు. కోడిగుడ్డంత బొప్పి. నన్ను ఒక్క మాట అనలేదు. ఏం గమనించావు తల్లీ అని మాత్రం అడిగారు. మీరు మొండికేశారు సార్ అన్నాను. ఆయన తల ఊపి, ఈ సలహా ఆ ఇంట్లో చెప్పడానికి వచ్చే మంగళవారం దాకా ఆగు, ఇంకోసారి చేసి చూద్దాం అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. మర్నాడే వెళ్లి కండక్టరమ్మకి చెప్పేశాను. ఆపకుండా మాట్లాడండి, ప్రేమగా, హుషారుగా అని.

ఆవిడ పని ఎగ్గొట్టే మనిషి కాదు. రోజుకి రెండు గంటల చొప్పున, ఆ గొంతుతో, బల్ల చుట్టూ తిరుగుతూ మాట్లాడింది. పాప తినడం కూడా మానేసింది.

తరవాతి మంగళవారం పదింటికి, డాక్టరుగారు కళ్లజోడు మీద చెయ్యి వేస్తుండగా, యూనిఫారంలోనే కండక్టరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో కాగితం. పాపని వెనక్కి పంపించేస్తున్నామని సంతకం పెట్టే కాగితం. సంతకం పడితే శుక్రవారానికి ఆ పిల్లకి ఐదో ఇల్లు.

"నా వల్ల కావట్లేదు సార్," అంది. "ఆ పిల్లకి నేనంటే అసహ్యం. రోజూ ప్రేమగానే మాట్లాడుతున్నాను. మాట్లాడేకొద్దీ ఇంకా లోపలికి పోతోంది."

డాక్టరుగారు పెన్ను ఇచ్చారు. ఇచ్చి, సంతకానికి ముందు పది నిమిషాలు నాకోసం ఓ పని చేస్తారా అని అడిగారు. ఆయన ఆ రోజు బల్ల కింద దూరలేదు. కండక్టరమ్మని దూరమన్నారు. ఆవిడ నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. పాపం, టోపీ తీసి పక్కన పెట్టి దూరింది.

అప్పుడాయన బూట్లు టకటకలాడిస్తూ బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. బంగారం, బిస్కెట్లున్నాయమ్మా, బయట ఎంత బాగుందో చూడు. అక్షరం పొల్లుపోకుండా నా మాటలే. గొంతు మాత్రం ఆఫీసు అదిరిపోయేంత. రెండు చుట్లు తిరిగేసరికి లోపలి నుంచి ఇక చాలన్నట్టు బల్ల మీద దబదబ చప్పుడైంది.

"ఏం కనబడుతోందమ్మా?" అని అడిగారు.

"కాళ్లే కనబడుతున్నాయి సార్. ఎటు తిరుగుతాయో తెలీట్లేదు. ఎప్పుడు లోపలికి చెయ్యి పెడతారో అనిపిస్తోంది."

ఆయన బూట్లు విప్పేశారు. నేల మీద, బల్లకి వీపు పెట్టి కూర్చుని, పేపరు తీసుకుని చదువుకోవడం మొదలుపెట్టారు. ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి కింద నుంచి, ఆ గొంతులో నేనెప్పుడూ వినని మెత్తదనంతో, "ఇప్పుడు పర్లేదు సార్," అన్న మాట వచ్చింది. ఆ వెనకే వెక్కిళ్లు వచ్చాయి. ఐదారు వారాలుగా పసిదాన్ని హడలగొట్టానే అని ఆవిడ ఏడుస్తోంది. నేను నోరు తెరిచాను, ఆ సలహా నాదేనని చెబుదామని. డాక్టరుగారు నాకంటే ముందే చెప్పేశారు.

"సలహా మా ఆఫీసుదమ్మా. ఆఫీసులో ఏ తప్పు జరిగినా అది నాది. మీరు చెప్పింది చెప్పినట్టు చేశారు, అంతే."

ఆవిడ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, శుక్రవారం దాకా చూస్తానని వెళ్లింది. నేను మాత్రం కదల్లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. సార్, నేను తప్పు చేస్తున్నానని మీకు పోయిన వారమే తెలుసు కదా, నన్ను నాలుగు తిట్టి ఆపి ఉండొచ్చు కదా అన్నాను.

ఆయన బూట్లు తొడుక్కుంటూ, "ఆపాల్సిందే. ఆగమన్నాను, గట్టిగా అనలేదు, అది నా పొరపాటే," అన్నారు. "కాలు లాగిన సంగతి మాత్రం మరిచిపో. బొప్పి నాకు కట్టింది, ఆ పిల్లకి కట్టలేదు. ఏ తప్పు చేసినా ముందు నా మీద చెయ్యండనే కదా నేను కింద కూర్చునేది."

మూడేళ్లుగా మేం చాటుగా పడీ పడీ నవ్విన పిచ్చి అదన్నమాట. మా ఆరుగురి తొందరపాట్లూ, విసుగులూ, అతితెలివీ, అన్నీ ఏ పసివాళ్ల మీదా పడకుండా ముందు ఆయన మీద పడుతూ వచ్చాయి. నాది ఎంత లెక్కలేనితనమో నాకు ఆ రోజు తెలిసింది. చంటాయన అన్న పేరు మాత్రం వదలబుద్ధి కాలేదు. కాకపోతే అప్పట్నుంచీ ముద్దుగా పిలిచేదాన్ని.

శుక్రవారం సాయంత్రం దర్జీగారు ఫోన్ చేశారు. డాక్టరుగారు కూడా వినాలని స్పీకరు పెట్టాను. దర్జీగారు గుసగుసగా మాట్లాడుతున్నారు.

"మా ఆవిడ మూణ్ణాళ్లుగా బూట్లు గుమ్మంలోనే విప్పేస్తోందమ్మా. వచ్చి, బల్ల దగ్గర చేరగిలబడి కూర్చుంటోంది. నోరు మెదపట్లేదు. ఈ ఇంట్లో నాకే భయమేసింది. ఇవాళ పాపే ఈవిడ కొంగు పట్టుకుని లోపలికి లాక్కుంది. ఈవిడ వెళ్లింది. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి బయటికి రాలేకపోతోంది."

"పాప ఏం చేస్తోందండీ?" అన్నాను.

"మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. 'తొందరేం లేదులే, నేనూ ఇక్కడే ఉన్నా' అంటోంది."

ఐదారు వారాల తరవాత ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అది. నేను కళ్లు తుడుచుకుని, అడగాలో వద్దో తెలియక నసుగుతూ, ఆ సంతకం కాగితం సంగతి అడిగాను.

"అదా అమ్మా," అన్నారు దర్జీగారు, తప్పు చేసినవాడిలా. "వెనకవైపు ఖాళీగా ఉంటే దాని మీద పాప గౌను కొలతలు రాసుకున్నాను. ఛాతీ, భుజాలు కుదిరాయి. కూర్చునే ఉంది కాబట్టి పొడవు అందాజుగా వేశాను. ఇంకో కాగితం పంపిస్తారా?"

డాక్టరుగారు ఫోను దగ్గరికి వంగారు.

"అక్కర్లేదండి," అన్నారు. "పొడవు నాలుగు వేళ్లు ఎక్కువే పెట్టి లోపలికి మడిచి కుట్టండి. ఎదిగే పిల్ల."