ఎర్ర చొక్కా వాసన

మా బాల్కనీ ఊచలు తుడిచిన ప్రతి ఉదయం తడిగుడ్డ నల్లగా తేలుతుంది. నీళ్ళు తగలగానే ఆ బొగ్గుపొడిలోంచి ఒక వాసన లేస్తుంది, ఆ వాసనకి నాకు ఒళ్ళు మండుతుంది. దుమ్ము మీద కాదు, దుమ్ములోనే పుట్టి పెరిగినదాన్ని. నా తొమ్మిదో ఏట మా ఇంట్లో జరిగిన ఒక పని మీద కోపం. అది ఇన్నేళ్ళయినా చల్లారలేదు, చల్లార్చుకోవాలని నాకూ లేదు.

పోర్టు గోడ పక్కన మేమున్న లైను ఇళ్ళల్లో అప్పుడు దుమ్ము ఎర్రగా ఉండేది. మా అయ్య ఇనుప ఖనిజాన్ని ఓడలకెక్కించే బెర్తులో పనిచేసేవాడు, ఆ ఎర్రమన్ను ఆయనకన్నా ముందే ఇంటికొచ్చి కూర్చునేది. ఆరేసిన చీరలు ఎరుపు, మంచినీళ్ళ కుండ మూత ఎరుపు, ఏడుపెంకులాట ఆడొచ్చిన మా కాళ్ళు ఎరుపు, వానొస్తే వీధి కాలవ పారాణి కలిపినట్టు పారేది, ఎండాకాలం గోడల మీద ఆరబెట్టిన నెత్తళ్ళ చేపల్ని దులుపుకుని దులుపుకుని పులుసులో వెయ్యాల్సొచ్చేది. గైరమ్మ తల్లి సంబరానికి అమ్మ వండిన బూరెల మీద గుడ్డ కప్పడం కాస్త ఆలస్యమైతే చాలు, పంటికింద కరకరమనేవి. ఇనుము తింటే ఒంటికి బలమని నానమ్మ నవ్వుతూ మా చేత అవే తినిపించేది.

మా కుక్క పేరు ముత్యాలు. పుట్టుకకి తెల్లదే, అందుకే ఆ పేరు, కానీ దాన్ని తెల్లగా చూసినవాళ్ళు మా లైనులో ఎవరూ లేరు. షిఫ్టు సైరన్ మోగగానే వసారాలోంచి లేచి, ఒళ్ళు దులుపుకుని, వీధి మొదట్లో కుళాయి దాకా వెళ్ళి కూర్చునేది. సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళంతా నెత్తి నుంచి కాళ్ళ దాకా ఒకటే రంగు, మాకే ఎవరి అయ్య ఎవరో తెలిసేది కాదు, అది మాత్రం ఎర్రమన్నూ చెమటా కలిసిన మా అయ్య వాసన పట్టుకుని ఆ సైకిల్ పక్కనే ఇంటిదాకా పరిగెత్తుకొచ్చేది. అయ్య టిఫిను గిన్నెలో దానికోసం ఒక ముద్ద మిగిల్చి తెచ్చేవాడు. ఆయనకి అదంటే ప్రాణం, ఆ మాట దాచను.

అది ముసలిదవుతూంటే మేం ఒక్కటీ సరిగ్గా చూడలేదు. దీపావళికి ప్రతి ఏడూ మంచం కిందకి దూరి వణికే కుక్క, ఆ ఏడు బాంబులు పేలుతుంటే గుమ్మంలో కదలకుండా పడుకుంటే, ముసలితనంలో దానికి ధైర్యం వచ్చిందని అయ్య వీధంతా గొప్పలు చెప్పుకున్నాడు. దానికొచ్చింది ధైర్యం కాదు, చెవుడు. కళ్ళల్లో గంజి మీద మీగడ లాంటి పొర కట్టింది, అదీ ఎవరికీ పట్టలేదు. వసారాలో ఉచ్చపోసేది, గోడ దగ్గరకెళ్ళి తిరిగిరావడం తెలియక అక్కడే నిలబడిపోయేది, నానమ్మ చీపురు తిరగేసి కొట్టేది. ఎన్నేళ్ళ కాపలాకి ఎంత బాగా బదులు తీర్చుకున్నామో.

ఆ చలికాలంలోనే అయ్యని బొగ్గు బెర్తుకి మార్చారు. ఎర్రగా వెళ్ళొచ్చే మనిషి నల్లగా రావడం మొదలైంది. మొదటి రోజు ఆయన గుమ్మం ఎక్కబోతే ముత్యాలు లేచి నిలబడి పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. మర్నాడూ అంతే. మూడోనాడు దాన్ని పక్కకి నెట్టబోతే పన్ను మణికట్టుకి గీసుకుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే కుక్క అని లైనంతా చెప్పుకుంది. నానమ్మ అంతకన్నా పెద్దమాట అంది.

"ముసిలి కుక్క యజమానుణ్ణి సూసి గుర్రుమందంటే, ఆడెనకాల ఏదో కనిపిత్తన్నట్టే."

అమ్మకి భయం పట్టుకుంది. ఆ భయం మధ్యలో నాకు మాత్రం ఒకటి కనిపించింది. అయ్య పెరట్లో ఒళ్ళు రుద్దుకుని, ఉతికిన లుంగీ కట్టుకుని వస్తే, అదే కుక్క వెళ్ళి ఆయన పాదాల మీద తల పెట్టి పడుకునేది. వరసగా నాలుగు రోజులు కనిపెట్టి చూశాను. అయిదోనాడు, అమ్మ మసిగుడ్డకని చింపబోయిన, ఎర్రమన్ను వాసన పోని అయ్య పాత ఎర్ర చొక్కా పట్టుకెళ్ళి, ఇంటికి రాబోయే ముందు ఇది తొడుక్కోమని, దానికి బొగ్గు వాసనలో నువ్వు తెలీడం లేదని, స్నానం చేశాక నిన్ను ఏమీ అనడం లేదు కదా అని అయ్యని బతిమాలాను. అందరూ ఉన్నారక్కడ. అయ్య ఆ చొక్కా నా చేతిలోంచి లాక్కుని విసిరేశాడు.

"కుక్క కోసం నాను సొక్కా మార్సుకోవాలేటే?"

అందరూ నవ్వారు. కుక్కని చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలట, ఆ పేరు పెట్టేశారు కూడా.

ఆ ఆదివారం అయ్యకి సెలవు. పొద్దున్నే తలంటుకుని తెల్లచొక్కా వేసుకుని, తెలిసినాయన ఆటోలో ముత్యాలుని ఎక్కించాడు. అది గుర్రుమనలేదు. తోకాడించుకుంటూ, ఆయన చెయ్యి నాకుతూ, ఒడిలో తలపెట్టుకుని వెళ్ళింది. మధ్యాహ్నానికి ఒక్కడే తిరిగొచ్చి, ఆనందపురం సంతలో వదిలేశానని, అక్కడ తిండికేం లోటుండదని చెప్పాడు. చూపూ వినికిడీ లేని కుక్కకి సంతలో తిండికి లోటుండదట. నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. సైరన్ మోగినప్పుడల్లా అమ్మ కుళాయి వైపు చూడకుండా తల తిప్పుకునేది.

ఇప్పుడు మా ఇంట్లో చిట్టి అని ఇంకో కుక్క ఉంది, పదమూడేళ్ళది. దానికీ చూపు మందగించింది, రాత్రీ పగలూ తారుమారయ్యాయి, నిద్రలో తాకితే ఉలిక్కిపడి కరవబోతుంది. డాక్టరమ్మ చెప్పింది పెద్ద విద్యేం కాదు: సామాను కదపకండి, ఎదురుగా వెళ్ళండి, ముందు చెయ్యి వాసన చూపించండి. అదే కాగితం మీద రాసి తలుపుకి అంటించాను. మొన్న తమ్ముడింటి నుంచి అయ్య వచ్చాడు. ఎనభై దాటాయి, కర్ర లేనిదే నడవలేడు. చిట్టి గుర్రుమంది. అయ్య కర్ర పక్కన పెట్టి, కాగితంలో ఉన్నట్టే చెయ్యి చాపి, అది వాసన చూసేదాకా ఓపిగ్గా ఆగాడు. ఎంత తేలికో చూడండి. అంత తేలికైన పని ఆనాడు చెయ్యలేకపోయాడు.

ఉండబట్టలేక అడిగేశాను, ముత్యాలు ఆ రోజు ఆటోలో ఎందుకు గొడవ చెయ్యలేదో తెలుసా అని. నా మాట ఆయన ఆనాడు చెవిన పెట్టలేదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. అయ్య చిట్టి తల నిమురుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"తెలీకేటి. తానం సేసేక ఏటీ అనదని నువ్వే కదే సెప్పావు. అందుకే తలంటుకుని ఎల్లాను."

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, నేను కదల్లేదు. లైను ఇళ్ళు లేవు, కుళాయి లేదు, ఆ ఎర్రదుమ్ము ఇప్పుడు నా బాల్కనీకి రాదు, నల్లదే వస్తుంది. అయ్యకి కాఫీ కలిపిచ్చాను, పంచదార సరిగ్గానే వేశాను. క్షమించాననుకున్నాడేమో, గ్లాసు అందుకుంటూ నవ్వాడు. నేను నవ్వలేదు.